విడుదలయ్యే రోజుకు ముందే చేయాల్సిన పని

లైంగిక నేరాల్లో శిక్ష పడిన ఖైదీల చికిత్స గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, జైళ్లలో మానసిక చికిత్స తీరుతెన్నులు తెలిసిన నిపుణుల జవాబులు

ప్రశ్న: మా ఊళ్లో పోక్సో కేసులో పదేళ్ల శిక్ష పడ్డ మనిషి వచ్చే ఏడాది విడుదలవుతున్నాడు. ఇలాంటివాళ్లకు జైల్లో ఏదో చికిత్స ఇస్తారని చదివాను. అది మాత్రలా, మాటలా? దాంతో మనిషి నిజంగా మారతాడా?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: ఎక్కువగా మాటలేనమ్మా. అయితే అది నీతిబోధ కాదు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతి మీద నడిచే శిక్షణ. ఎనిమిది తొమ్మిది మందిని ఒక గ్రూపుగా కూర్చోబెట్టి, వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి పని చేయిస్తారు. ‘తప్పు చేశావు, సిగ్గుపడు’ అనడంతో ఆగరు. కోపం, ఒంటరితనం, అవమానం ముంచుకొచ్చినప్పుడు అతను దేన్ని ఆసరా చేసుకుంటున్నాడు, సెక్స్ ఆలోచనల్లోకి ఎలా జారుకుంటున్నాడు, పిల్లల గురించీ ఆడవాళ్ల గురించీ తనకు తాను ఏం చెప్పుకుని సమర్థించుకుంటున్నాడు, తన వయసువాళ్లతో స్నేహం ఎందుకు నిలుపుకోలేకపోతున్నాడు అని ఒక్కొక్కటీ విప్పి చూసి, బదులుగా ఏం చేయాలో సాధన చేయిస్తారు.

ఫలితం విషయానికి వస్తే, లైంగిక నేరాలకు, గృహహింసకు, ఇతర హింసకు ఇచ్చే చికిత్సల మీద వివిధ దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలను, సుమారు 55,000 మంది నేరస్థుల వివరాలను కలిపి 2019లో ఒక విశ్లేషణ వెలువడింది. అందులో లైంగిక నేరస్థుల వరకు చూస్తే, ప్రత్యేక చికిత్స తీసుకున్నవాళ్లలో మళ్లీ లైంగిక నేరం చేసినట్టు నమోదైనవారు 9.5 శాతం, తీసుకోనివాళ్లలో 14.1 శాతం. దీనికి వాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. ఇవి పోలీసు, కోర్టు రికార్డులకు ఎక్కినవి మాత్రమే, ఎక్కనివి ఉంటాయి. అయినా రెండు వైపులా కొలత ఒకటే కాబట్టి తేడా తేడానే. నూటికి నలుగురైదుగురు తగ్గడం చిన్న సంగతిగా కనిపించవచ్చు. ఆ ఒక్కొక్క లెక్క వెనక ఒక పాప, ఒక బాబు, ఒక మహిళ ఉన్నారు. ఈ చికిత్స ఖైదీ మీద దయతో చేసేది కాదని మేం గట్టిగా అనడం అందుకే.

మన దేశంలో లైంగిక నేరస్థులందరికీ చట్టప్రకారం తప్పనిసరైన ప్రత్యేక కార్యక్రమం లేదు. తెలంగాణ జైళ్లలో ‘ఉన్నతి’ పేరుతో ఖైదీల ఆలోచనా తీరు మార్చే శిక్షణ నడిచింది కానీ, అది లైంగిక నేరాలకే ప్రత్యేకించినది కాదు. కాబట్టి మీ ఊరికి వచ్చే మనిషి చికిత్స పొంది వస్తున్నాడని అనుకుని ఊరుకోకండి. అలాగని తరిమేయడమూ మందు కాదు. ఇల్లు, పని, పలకరించే మనిషి లేకుండా ఊరూరా తిరిగేవాడు ఎవరి కంటికీ ఆనడు. పనిలో ఉండి, నలుగురి కళ్లెదుట తిరిగేవాడి మీద నిఘా సులువు.

ప్రశ్న: ఇంగ్లండులో ఈ చికిత్స తీసుకున్నవాళ్లే ఎక్కువ నేరాలు చేశారని ఒక వ్యాసంలో చూశాను. నిజమేనా? నిజమైతే ఇంకా దీన్ని ఎందుకు సమర్థిస్తున్నారు?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి

జవాబు: నిజమే మాస్టారూ. ఈ రంగంలో ఉన్నవాళ్లు దాచకుండా చెప్పుకోవాల్సిన విషయం అది.

ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో 1990ల మొదట్లో ఒక పెద్ద కార్యక్రమం మొదలైంది. దాన్ని కోర్ ఎస్‌.ఓ.టి.పి. (లైంగిక నేరస్థుల చికిత్సా కార్యక్రమం) అనేవారు. పాతికేళ్ల పాటు ప్రపంచమంతా దాన్ని నమూనాగా చూసింది. ఆ దేశ న్యాయశాఖ 2017లో దాని ఫలితాలు ప్రచురించింది. 2000 నుంచి 2012 మధ్య చికిత్స తీసుకున్న 2,562 మందిని, తీసుకోని 13,219 మందితో 87 అంశాల్లో సరిపోల్చి, సగటున 8.2 ఏళ్లు గమనించారు. చికిత్స తీసుకున్నవాళ్లలో 10 శాతం మళ్లీ లైంగిక నేరం చేశారు. తీసుకోనివాళ్లలో 8 శాతం. పిల్లల అశ్లీల చిత్రాలకు సంబంధించిన నేరాల్లోనూ తేడా కనిపించింది: 4.4 శాతం, 2.9 శాతం. ఆ ఏడాదే కార్యక్రమాన్ని ఆపేశారు.

ఎక్కడ చెడింది? గ్రూపులో ఒక్కొక్కరూ తాము చేసిన నేరాన్ని అందరి ముందూ వివరంగా చెప్పాలి, మిగతావాళ్లు ప్రశ్నలతో నిలదీయాలి. ఆ తర్వాత బాధితురాలి స్థానంలో తాను ఉన్నట్టు నటించి చూపాలి. చూసేవాళ్లకు ఇది సబబుగానే ఉంటుంది, తప్పు ఒప్పుకున్నాడు, ఏడ్చాడు, మారాడు అనిపిస్తుంది. కానీ నేరాన్ని ఒప్పుకోకపోవడం, బాధితులపై సానుభూతి లేకపోవడం అనే రెండూ మళ్లీ నేరం చేస్తాడా లేదా అన్నదాన్ని పెద్దగా సూచించవని కెనడా పరిశోధకులు 2000ల మధ్యనాటికే లెక్కలతో చూపించారు. సెక్స్ ఆలోచనల్లోనే మునిగి ఉండటం, పిల్లల మీదనో బలప్రయోగం మీదనో ఆకర్షణ, ఆవేశం, నియమాలంటే లెక్కలేనితనం, సాటి పెద్దవాళ్లతో దగ్గరితనం కుదరకపోవడం – ముప్పును సూచించేవి ఇవి. అంటే గంటలకు గంటలు గురి తప్పిన చోట ఖర్చయ్యాయి.

ఇంకో ప్రమాదమూ ఉంది. ఒకడి నేరం వివరాలు మరొకడు వింటాడు. ‘నేనొక్కణ్నే కాదు’ అనే ధైర్యం వస్తుంది. చిత్రాలు ఎక్కడ దొరుకుతాయో, ఎవరి దగ్గర ఉన్నాయో అక్కడే తెలుసుకునే వీలుంటుంది. ఆ నివేదిక రాసినవాళ్లు కూడా ఈ అనుమానం వ్యక్తం చేశారు. గ్రూపులు నడిపినవాళ్లలో జైలు ఉద్యోగులే ఎక్కువ. వాళ్లకు శిక్షణ ఇచ్చారు కానీ వాళ్లు మనస్తత్వ నిపుణులు కారు. 2019 విశ్లేషణలో ఇది మరీ స్పష్టంగా కనిపించింది: అర్హత ఉన్న సైకాలజిస్టు మొదటి నుంచి చివరి దాకా గదిలో ఉన్నచోట, సిబ్బంది పనిని సైకాలజిస్టులు పర్యవేక్షించినచోట ఫలితం మెరుగు.

ఇంగ్లండు వాళ్లు ఆ వైఫల్యాన్ని చూసి పని మానుకోలేదు. నడిమి స్థాయి, అంతకు పైబడిన ముప్పు ఉన్నవాళ్లకు హొరైజన్, అధిక ముప్పు ఉన్నవాళ్లకు కైజెన్ అనే కార్యక్రమాలు తెచ్చారు. వాటిలో నేరం కథ చెప్పించేవారు కాదు. ఒప్పుకోనివాళ్లనూ చేర్చుకునేవారు. ఇకపై ఎలా బతకాలి అన్నదాని మీదే పని.

ఇంకోవైపు, న్యూజిలాండులో క్రైస్ట్‌చర్చ్ దగ్గర రోల్‌స్టన్ జైల్లో 1989 నుంచి ‘కియా మారమా’ అనే 60 పడకల విభాగం నడిచింది. అక్కడ ఉండేవాళ్లంతా పిల్లలపై నేరాలు చేసినవాళ్లే, అంతా ఒకే చోట ఉండి అదే చికిత్సలో ఉంటారు. అక్కడ పూర్తిచేసినవాళ్లలో మళ్లీ నేరం చేసినవాళ్లు, అలాంటి చికిత్స దొరకనివాళ్లతో పోలిస్తే సగం కంటే తక్కువ. మిగతా బ్యారక్‌ల వాళ్ల దెబ్బలకు భయపడి ముఖం దాచుకునే అవసరం అక్కడ లేదు. ఆ ఒక్క ఏర్పాటుకే ఎంతో విలువ ఉందని మా అభిప్రాయం.

ప్రశ్న: యోగా, ధ్యానం, భజన చాలవా? మన జైళ్లలో అవి ఉన్నాయి కదా.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నిద్ర పట్టడానికి, కోపం దిగడానికి మంచివే, మానమని చెప్పం. కానీ పిల్లల మీద ఆకర్షణ ఉన్నవాడికి మనసు నెమ్మదించినంత మాత్రాన ఆ ఆకర్షణ పోదు. నెమ్మదించిన మనసుతో ఏం చేయాలో వేరే నేర్పాలి.

ప్రశ్న: సత్ప్రవర్తన ఉంటే రెమిషన్ (శిక్ష తగ్గింపు) ఇస్తున్నారు. సత్ప్రవర్తన ఉన్నవాడు ప్రమాదకారి కానట్టేనా? ముప్పును ఎలా కొలుస్తారు?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: జైల్లో పిల్లలుండరు. పిల్లలపై నేరం చేసినవాడు జైల్లో ఏళ్ల తరబడి బుద్ధిగా ఉండటం కష్టం కాదు. చెప్పిన పని చేస్తాడు, సూపరింటెండెంటుకు నమస్కారం పెడతాడు, లైబ్రరీ చూసుకుంటాడు. అది అబద్ధపు ప్రవర్తన అని కాదు, బయట ఎదురయ్యే పరీక్ష లోపల ఎదురుకాలేదు, అంతే. రెమిషన్ కాగితం మీద ‘జైలు నేరాలు లేవు’ అన్న వాక్యం ఆ ఒక్క సంగతే చెబుతుంది.

కొలవడానికి చాలా దేశాల్లో వాడేది స్టాటిక్-99ఆర్ అనే మార్కుల పట్టిక. ఇందులో పది అంశాలుంటాయి. విడుదలయ్యే నాటి వయసు, ఎవరితోనైనా కనీసం రెండేళ్లు కాపురం చేశాడా, గతంలో లైంగిక నేరాలు ఎన్ని, ఇతర హింస ఉందా, ఎన్నిసార్లు శిక్షలు పడ్డాయి, తాకకుండా చేసిన నేరాలు ఉన్నాయా, బాధితులు బంధువులా కాదా, అపరిచితులా, మగవాళ్లు ఉన్నారా వంటివి. వయసు పెరిగేకొద్దీ మార్కు తగ్గుతుంది. అరవై దాటినవాడికి ఇది చాలా తేడా తెస్తుంది. సంబంధంలేని పిల్లలు, అపరిచితులు, మగపిల్లలు బాధితులైతే పెరుగుతుంది. ‘కన్నబిడ్డనే పాడుచేసినవాడు అందరికంటే ప్రమాదకారి’ అని మనసు అంటుంది. కానీ నేరం ఎంత ఘోరం అన్నదీ, మళ్లీ చేసే అవకాశం ఎంత అన్నదీ రెండు వేరు ప్రశ్నలు. శిక్ష మొదటిదాన్ని చూసి వేయాలి, చికిత్స ఎంత ఇవ్వాలన్నది రెండోదాన్ని చూసి.

ఆ పది అంశాల్లో వయసు తప్ప మిగతావన్నీ గతానివి, చికిత్సతో మారవు. మారేవాటికి స్టేబుల్-2007 అనే పట్టికలో 13, రోజులు వారాల్లో మారిపోయేవాటికి అక్యూట్-2007 అనే పట్టికలో 7 అంశాలున్నాయి. తాగుడు మళ్లీ మొదలుపెట్టడం, పిల్లలకు దగ్గరయ్యే వీలు దొరకడం, ఆసరా ఇచ్చే మనిషి దూరమవడం వంటివి ఈ చివరి రకం. వీటి ప్రామాణిక లెక్కలు విదేశాల్లో కట్టినవి. మన ఖైదీకి మార్కు వేసి ‘ఇతనికి ఇంత శాతం ముప్పు’ అని కోర్టు కాగితం మీద రాయడం తప్పు. ఎవరికి ముందు, ఎవరికి ఎక్కువ చికిత్స కావాలో వరస పెట్టుకోవడానికి, అదీ శిక్షణ పొందినవాళ్లు వాడితే, పనికొస్తాయి.

తక్కువ ముప్పు ఉన్నవాళ్లకు భారీ చికిత్స ఇవ్వకూడదు. వాళ్లను కరడుగట్టినవాళ్ల పక్కన నెలల తరబడి కూర్చోబెడితే మేలుకు బదులు కీడు జరిగే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: మా తమ్ముడు బంధువుల పాప విషయంలో శిక్ష అనుభవిస్తున్నాడు. ‘నేనేం చేయలేదక్కా’ అనే అంటాడు. పెరోల్ మీద పదిహేను రోజులు మా ఇంటికి వస్తానంటున్నాడు. మాకు ఎనిమిదేళ్ల కూతురుంది. వాడి చేత నిజం ఒప్పించాలా? మా అమ్మ మాత్రం ‘తోడబుట్టినవాణ్ని గుమ్మం ఎక్కనివ్వవా’ అంటోంది.
– ఒక అక్క, ఊరి పేరు వద్దన్నారు

జవాబు: అమ్మా, ఒప్పించే పని మీది కాదు, ములాఖత్‌లో ఆ వాదన పెట్టుకోకండి. పైన చెప్పినట్టు, ఒప్పుకోవడం భద్రతకు హామీ కాదు. ఒప్పుకున్నవాళ్లూ మళ్లీ చేశారు, ఒప్పుకోనివాళ్లలో చాలామంది మళ్లీ చేయలేదు. అయితే కోర్టు ఇచ్చిన తీర్పు మీ ముందుంది. మీ పాప రక్షణ మీ తమ్ముడి మాట మీద కాకుండా ఆ తీర్పు మీద ఆధారపడాలి.

అందుకని పెరోల్ చిరునామా మీ ఇల్లు కాకూడదు. పిల్లలు లేని ఇల్లు చూడండి. మీ అమ్మగారు వేరే ఉంటే అక్కడ, లేదా పెద్దవాళ్లే ఉన్న బంధువుల ఇంట్లో. అర్జీ పెట్టేటప్పుడే ఈ సంగతి జైలు అధికారులకు, ప్రొబేషన్ ఆఫీసరుకు చెప్పండి. ‘పరువు పోతుంది’ అని మీ ఇంటి చిరునామా ఇచ్చేసి, తర్వాత సర్దుకుందాం అనుకోకండి.

మీరు వెళ్లి కలవండి, అన్నం పెట్టండి, మాట్లాడండి. తోడబుట్టిన బంధం తెంచుకోమని ఎవరూ అనరు. నిజానికి కుటుంబం పూర్తిగా వదిలేసిన ఖైదీకి విడుదల తర్వాత నిలదొక్కుకోవడం చాలా కష్టం. పాపను మాత్రం తీసుకెళ్లకండి. ఎప్పుడైనా ఒకేచోట ఉండక తప్పని పరిస్థితి వస్తే, పెళ్లో చావో, ముందే ఒక పెద్దమనిషికి పేరుపెట్టి బాధ్యత అప్పగించండి. ‘అందరం ఉన్నాం కదా’ అన్నచోటే ఎవరూ చూడరు. ఒడిలో కూర్చోబెట్టుకోవడం, స్నానం, నిద్ర, బండి మీద తిప్పడం, చదువు చెప్పడం, ఫోను చేతికివ్వడం, చాక్లెట్లు కొనివ్వడం, ఇవేవీ వద్దు. మంచి మనసుతో చేసినా వద్దు. ఈ నియమం అతనికి ముందే చెప్పండి. ‘నన్ను అవమానిస్తున్నారు’ అని గొడవ చేస్తే అది హెచ్చరికగా తీసుకోండి. ‘సరే అక్కా, నాకూ అదే మంచిది’ అన్నాడంటే కొంత నయం. మళ్లీ నింద పడకుండా అతన్నీ కాపాడే నియమమిది.

పాపకు భయపెట్టకుండా చెప్పండి: ‘మామయ్యైనా, ఎవరైనా సరే, రహస్యంగా ఉంచమంటే వెంటనే నాకు చెప్పు. నిన్ను కోప్పడను.’ అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

ఇంకొక మాట. ఆ బంధువుల పాపను ‘ఒక్కసారి వచ్చి మాట్లాడితే పాత సంగతులు పోతాయి’ అని ఎవరూ పిలిపించకుండా అడ్డుపడండి. అతన్ని క్షమించమని ఆ పిల్లను అడిగే హక్కు మన కుటుంబాల్లో ఎవరికీ లేదు.

ప్రశ్న: ఇంజెక్షన్‌తో మగతనం పోగొడితే సమస్య తీరిపోదా? కొన్ని దేశాల్లో చేస్తున్నారట.
– ఒక వ్యాపారి, నిజామాబాద్

జవాబు: అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1996లో దీనికి చట్టం చేసింది. వాడే మందులు మూడు రకాలు. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్, సైప్రొటెరాన్ పాతవి. ల్యూప్రొలైడ్, ట్రిప్టొరెలిన్ కొత్తవి, నెలకో మూడు నెలలకో ఒక సూది. ఈ రెండు రకాలూ టెస్టోస్టెరాన్‌ను తగ్గిస్తాయి. మూడోది, డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు. సెక్స్ ఆలోచనలు ఆగకుండా తొలిచేస్తున్నవాళ్లకు ముందుగా ఇచ్చేవి ఇవే. లైంగిక నేరస్థుల కోసమే ఉన్న ఇంగ్లండులోని వాటన్ జైల్లో, ఖైదీ ఇష్టంతో, మానసిక చికిత్సకు తోడుగా ఇలాంటి మందులు ఇచ్చారు.

బయటివాళ్లకు తెలియని చిక్కులు ఉన్నాయి. ల్యూప్రొలైడ్ రకం సూది వేసిన మొదటి రెండు మూడు వారాలు టెస్టోస్టెరాన్ తగ్గదు, పెరుగుతుంది. ఆ రోజుల్లో దాన్ని అడ్డుకునే మాత్ర కూడా ఇవ్వాలి. ఎముకలు పలచబడతాయి కాబట్టి ఎముక సాంద్రత పరీక్షలు, కాల్షియం, విటమిన్ డి తప్పవు. బరువు, షుగరు పెరగవచ్చు, డిప్రెషన్ రావచ్చు. సైప్రొటెరాన్‌తో కాలేయం చూసుకుంటూ ఉండాలి. ఆపగానే కొన్ని నెలల్లో హార్మోన్ తిరిగొస్తుంది. బయట మందుల దుకాణంలో టెస్టోస్టెరాన్ కొని వేసుకుంటే సూది వృథా.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువమంది నేరం చేసింది హార్మోన్ ఎక్కువై కాదు. అధికారం చూపాలని, కక్షతో, ఎదురుచెప్పలేని పిల్ల దొరికిందని చేసినవాళ్లే చాలామంది. వాళ్లకు ఈ సూది ఏమీ చేయదు, హాని చేయడానికి చేయి, వస్తువు, ఫోను ఉండనే ఉంటాయి. 2013లో అత్యాచార చట్టాల్లో మార్పులు సూచించిన జస్టిస్ వర్మ కమిటీ కూడా దీన్ని శిక్షగా పెట్టకూడదనే చెప్పింది. వైద్యంగా, కొద్దిమందికి, వాళ్ల రాతపూర్వక అంగీకారంతో అయితే దీనికి చోటుంది.

ప్రశ్న: జిల్లా జైల్లో సంక్షేమ విభాగంలో పనిచేస్తున్నాను. పోక్సో, అత్యాచారం కేసుల్లో నలభై మంది దాకా ఉన్నారు. సైకాలజిస్టు వారానికి రెండు రోజులే వస్తారు. ఉన్నదాంతో ఏం మొదలుపెట్టవచ్చు?
– ఒక ఉద్యోగి, రాయలసీమ

జవాబు: జైళ్లకు కేంద్రం ఇచ్చిన నమూనా నియమావళి, మోడల్ ప్రిజన్ మాన్యువల్ 2016 ప్రకారం 200 మంది ఖైదీలకు ఒక కరెక్షనల్ ఆఫీసరు, 500 మందికి ఒక సైకాలజిస్టు ఉండాలి. లేరని ఆగితే ఎప్పటికీ మొదలుకాదు. నలభై మందినీ హాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇప్పించడం మాత్రం చేయకండి, ఫొటోకు తప్ప దేనికీ పనికిరాదు.

మొదట అండర్‌ట్రయల్ ఖైదీలను వేరు చేయండి. విచారణలో ఉన్నవాడి చేత నేరం గురించి ఒక్క మాట కూడా మాట్లాడించకూడదు. వకీలుతో అన్న మాటకు ఉన్న రక్షణ కౌన్సెలర్‌తో అన్న మాటకు లేదు. వాళ్లకు తాగుడు, నిద్ర, ఆత్మహత్య ఆలోచనల విషయంలో సాయం చేస్తే చాలు.

శిక్ష పడ్డవాళ్లలో విడుదలకు 18 నుంచి 24 నెలలు ఉన్నవాళ్లను ఎంచుకోండి. పదేళ్ల శిక్షలో మొదటి ఏడాదే ఇస్తే బయటికొచ్చేసరికి గుర్తుండదు. మరీ చివర మొదలుపెడితే మధ్యలోనే వెళ్లిపోతారు. ఒక్కొక్కరితో గంటన్నర చొప్పున రెండుసార్లు విడిగా కూర్చోండి. దానికి ముందే తీర్పు కాపీ చదవండి, అతను చెప్పేది ఒక్కటే చాలదు. మతిభ్రమ, మెదడు ఎదుగుదల లోపం, వినికిడి లోపం, అక్షరాస్యత చూసుకోండి. తీవ్రమైన మానసిక వ్యాధి ఉంటే ముందు సైకియాట్రిస్టు, తర్వాతే గ్రూపు.

గ్రూపుకు ఎనిమిది మంది. పది దాటితే నిశ్శబ్దంగా ఉండేవాడు అలాగే దాక్కుంటాడు. నడిపేవాళ్లు ఇద్దరు, ఒకరు సైకాలజిస్టు. ఇద్దరిలో ఒకరు మహిళ అయితే మంచిది, ఆడమనిషితో సమానంగా మాట్లాడటం అనేదే వాళ్లలో చాలామందికి కొత్త సాధన. వారానికి రెండు సార్లు, రెండేసి గంటలు, 25 వారాలు. మొత్తం 50 సెషన్లు, 100 గంటలు. నడిమి ముప్పు ఉన్నవాళ్లకు ఇది సరిపోతుంది. అధిక ముప్పు ఉన్నవాళ్లకు 200 నుంచి 300 గంటలు కావాలి, వాళ్లను పెద్ద జైలుకు పంపే ఏర్పాటు కోరండి. ఆ యాభైని మేమైతే ఇలా పంచుతాం: నమ్మకం కుదరడానికి, నియమాలకు 6. కోపం, ఒత్తిడి, ఆవేశం అదుపుకు 12. తనను తాను సమర్థించుకునే ఆలోచనలకు 8. భార్య, స్నేహితులు, ఇష్టం–అయిష్టం, కాదన్నప్పుడు ఆగడం గురించి 10. సెక్స్ ఆలోచనల అదుపుకు 6, ఈ భాగంలో వ్యక్తిగత విషయాలు గ్రూపులో కాక విడిగా మాట్లాడాలి. విడుదల ప్రణాళికకు 8.

చదువురానివాళ్లకు బొమ్మల కార్డులు చేయించండి. ఒక సంఘటన, అప్పుడు వచ్చిన ఆలోచన, ఒంట్లో తెలిసిన మార్పు, చేసిన పని అని నాలుగు గళ్లు. రోజుకు ఒక్కటి నింపితే చాలు, తోటి ఖైదీ చేత రాయించకూడదు. నేరం వివరాలు గ్రూపులో ఎవరైనా మొదలుపెడితే వెంటనే ఆపండి.

చెడేది ఎక్కడంటే, మొదటిది పేరు దగ్గర. ‘పోక్సో గ్రూపు’ అని పిలిచారో, ఆ సాయంత్రమే బ్యారక్‌లో దెబ్బలు పడతాయి. ‘జీవన నైపుణ్యాల తరగతి’ అనండి, ఇతర తరగతులు జరిగే గదిలోనే, అదే సమయానికి పెట్టండి. రెండోది, గార్డు గదిలో కూర్చోవడం. తలుపు అద్దంలోంచి కనిపిస్తే చాలు. మూడోది సర్టిఫికెట్. ‘చేస్తే రెమిషన్ వస్తుంది’ అని తెలిసిన రోజున గ్రూపు నిండిపోతుంది, మనసులు రావు. హాజరు కాదు, మార్పు రాయండి: మొదటి వారంలో, చివరి వారంలో అవే ప్రశ్నలు అడిగి, తేడా నమోదు చేయండి. నాలుగోది, కోర్టు వాయిదాలు, బదిలీలు, తనిఖీలు. గ్రూపు నడిచే ఆర్నెల్లూ ఆ ఎనిమిది మందిని బదిలీ చేయబోమని సూపరింటెండెంటుతో ముందే రాయించుకోండి. సగంలో మానేసినవాళ్లు అసలు చేరనివాళ్లకంటే ఎక్కువగా మళ్లీ నేరాల్లో పడటం చాలా అధ్యయనాల్లో కనిపించింది.

మీ సంగతీ చూసుకోండి. ఒకరు ఒకేసారి రెండు గ్రూపుల కంటే ఎక్కువ నడపకూడదు. పదిహేను రోజులకు ఒక గంట, బయటి సీనియర్ సైకాలజిస్టుతో ఫోన్లోనైనా పనిని చర్చించాలి. ఇంటికెళ్లి సొంత పిల్లల్ని చూసినప్పుడు విన్న మాటలు గుర్తొస్తున్నాయంటే అది బలహీనత కాదు, సెలవు కావాలని గుర్తు.

విడుదలకు మూడు నెలల ముందు ప్రొబేషన్ ఆఫీసరును, ఒక కుటుంబ సభ్యుణ్ని పిలిచి ఖైదీతో కలిపి కూర్చోండి. ఎక్కడ ఉంటాడు, ఏం పని, ఎవరికి ఫోన్ చేస్తాడు, ఏ చోట్లకు వెళ్లడు, ఇవి ఒక కాగితం మీద ఉండాలి. స్కూలు ఆటో నడుపుతాననో, ట్యూషన్ చెబుతాననో అంటే అక్కడే ఆపాలి.

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో మా వీధిలో అలాంటివాళ్లు ఎవరున్నారో ఆన్‌లైన్లో కనిపిస్తుంది. ఇండియాలో ఎందుకు పెట్టరు?
– ఒక తెలుగు తల్లి, డాలస్

జవాబు: జాబితా ఉంది. 2018 సెప్టెంబరులో 4.4 లక్షల నమోదులతో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ మొదలైంది, కానీ దాన్ని పోలీసులే చూడగలరు. ఆ పద్ధతే మనకు సరైనదని మా అభిప్రాయం. మన దేశంలో అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. తండ్రి పేరు, ఊరు బయటపెడితే ఆ పాప ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. బాధితుల గుర్తింపు బయటపెట్టడం చట్టరీత్యా నేరం.

పేర్లు వేలాడదీయడం కంటే మాకు నచ్చిన పని కెనడాలోని హామిల్టన్‌లో 1994లో మొదలైంది. పిల్లలపై నేరాలకు శిక్ష పూర్తిచేసుకుని వచ్చిన ఒకణ్ని ఊరంతా వద్దంటుంటే, మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ చర్చికి చెందిన కొందరు అతని చుట్టూ వలయంగా నిలబడ్డారు. నలుగురి నుంచి ఆరుగురు స్వచ్ఛంద సేవకులు, వారం వారం కలవడం. పని వెతికిపెడతారు, పండగకు పిలుస్తారు, పార్కు దగ్గర కనిపించాడని తెలిస్తే మొహమాటం లేకుండా నిలదీస్తారు, అవసరమైతే పోలీసులకు చెబుతారు. ఆసరా, నిఘా రెండూ అవే చేతుల్లో. దీన్ని తర్వాత బ్రిటన్‌తో పాటు మరికొన్ని దేశాలు అందుకున్నాయి.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. చిన్నపిల్లల గురించి చెడు ఆలోచనలు వస్తున్నాయి. ఎవరినీ ఏమీ చేయలేదు. చేస్తానేమో అని భయంగా ఉంది. డాక్టరుకు చెబితే పోలీసులకు పట్టిస్తారా?
– పేరు, ఊరు రాయలేదు

జవాబు: బాబూ, నువ్వు ఈ ఉత్తరం రాయడం మంచి పని. ఆలోచన నేరం కాదు. వచ్చిన ఆలోచనకు నువ్వు బాధ్యుడివి కావు, చేసే పనికి పూర్తిగా బాధ్యుడివి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం కలిగినా ఎవరైనా చెప్పి తీరాలి, డాక్టరూ అందులో ఉంటారు. ఫలానా పిల్ల ప్రమాదంలో ఉందంటే డాక్టరు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కానీ ఆలోచనలు వస్తున్నాయి, ఆపుకోవడానికి సాయం కావాలి అంటే అది వైద్యం. ఇలాంటి ఆలోచనల్లో కొన్ని, వద్దన్నా ఆలోచనలు పదేపదే వచ్చే ఓసీడీ అనే జబ్బు వల్ల భయంగా వచ్చేవి కూడా ఉంటాయి. అది ఏదో తేల్చేది సైకియాట్రిస్టే.

జర్మనీలో బెర్లిన్ షారిటే ఆసుపత్రి 2005 నుంచి సరిగ్గా నీలాంటివాళ్ల కోసమే, నేరం చేయకముందే వచ్చేవాళ్ల కోసం, చికిత్స నడుపుతోంది. నీకు దగ్గరగా హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. అప్పటిదాకా పిల్లలతో ఒంటరిగా ఉండే ఏ పనీ ఒప్పుకోకు, ట్యూషన్లు, అక్కావాళ్ల పిల్లల్ని చూసుకోవడం ఏదైనా సరే. కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు, పరీక్షలున్నాయను. ఫోన్లో అలాంటి చిత్రాలు వెతకకు. చూడటం, దాచుకోవడం కూడా నేరమే, ప్రతి చిత్రంలోనూ నిజమైన పిల్ల దెబ్బతింది. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. పగలైనా రాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ రోజే చెయ్యి.